జీడి చుక్కలు

మొదటిసారి చెంబు కోసం వంగినప్పుడు
కలుక్కుమంది.
చెంబు అక్కడే ఉంది, నేనూ అక్కడే ఉన్నాను,
సగం దండంలో ఆగిపోయిన మనిషిలా.
మా ఆయన ముందు నవ్వి, తర్వాత భయపడ్డాడు.
మూడో రోజుకి దానంతటదే వదిలింది.
పోయిందనుకున్నాను.

బాకీ వసూలుకొచ్చినవాడిలా మళ్ళీ వచ్చింది,
ఈసారి తుమ్మితే.
ఒక్క తుమ్ముకి!

వావిలాకు మరగబెట్టి పోసుకున్నాను.
ఉప్పు మూట, వేడి ఇటుక, ఆముదం.
కాళ్ళతో పుట్టినోడు తొక్కితే పోద్దని
తవిటినాయుడిని పిలిచారు.
వాడు ఏడో క్లాసు.
సిగ్గుపడి, చెప్పులు విడిచి, ముమ్మారు తొక్కి
పది రూపాయలు పట్టుకుని పరిగెత్తాడు.
మడమ బరువు హాయిగానే ఉంది గాని
వాడెలా పుట్టాడో నొప్పికి తెలియలేదు.

కాశీబుగ్గలో ఫొటో తీశారు.
వెలుతురుకి ఎత్తి చూసి
"ఎముక శుభ్రంగా ఉందమ్మా" అన్నాడు డాక్టరు,
నేనే తోమి ఆరబెట్టినట్టు.

అప్పుడు అత్త గొంతు తగ్గించింది:
"ఒకపాలి రగతం సూయించుకోవే."

ఉద్దానంలో నడుం నొప్పి
ఎక్కువకాలం నడుం నొప్పిగా ఉండదు.
ఎవరి నడుం పట్టినా
ఇంటిల్లిపాదీ నీళ్ళ బిందె వైపు చూస్తారు.
రిపోర్టు వచ్చేదాకా రెండు రాత్రులు
పిల్ల పుస్తకాలకి అట్టలు వేస్తూ కూర్చున్నాను,
నిండిపోయిన పాత నోటుబుక్కులకి కూడా.
సున్నా పాయింటు ఎనిమిది.
మంచి అంకె.
గున్నమ్మకి మాత్రం చెప్పలేకపోయాను.
ఆమెది ఏడు దాటి రెండేళ్ళు.

పలాసలో మా మిషన్లు పక్కపక్కన.
ఎదుట గోడకి ఎరువుల కొట్టువాడిచ్చిన కేలండరు.
పట్టేసిన రోజు పెన్ను దొరక్క
జీడి అంటిన వేలితోనే చుక్క పెట్టేదాన్ని.
నాలుగు నెలలు వెనక్కి తిప్పితే
బుధవారం, శనివారం, బుధవారం, శనివారం.
శని సరే,
బుధుడికి నాతో ఏం పని?

మధ్యలో పదిహేను రోజులు ఒక్క చుక్కా లేదు.
ఆ పదిహేను రోజులూ గున్నమ్మ విశాఖ ఆసుపత్రిలో ఉంది,
ఆమె పీట మీద కోడలు కూర్చుంది.

మంగళవారం, శుక్రవారం
గున్నమ్మ సోంపేట బస్సెక్కుతుంది,
మోచేతి నరం మీద కొంగు కప్పుకుని.
ఆమె బుట్టలో పిక్కలు అలాగే ఉండిపోతే
మేస్త్రి వేరే మనిషిని పెట్టేస్తాడు.
అందుకని ఎడమకి తిరిగి
ఆ బుట్టలోంచి గుప్పెడు, నా బుట్టలోంచి గుప్పెడు.
చెయ్యి మీట మీద, కాలు తొక్కుడు మీద,
నడుం ఇద్దరి మధ్యా.
ఎవరూ చెయ్యమనలేదు.
చేస్తున్నానని నాకే సరిగ్గా తెలియదు.

కారణం దొరికితే తగ్గుతుందనుకున్నాను.
దొరికిన కారణం నా పక్కనే కూర్చుని
నోరెండిపోతే నీళ్ళు తాగకూడదు గనక
నిమ్మతొక్క చప్పరిస్తోంది.

బుట్టని పక్కనుంచి ముందుకి జరిపాను.
పీట మీద గోనె రెండు మడతలు.
గంటకోసారి లేచి గోడకి వీపు ఆనిస్తాను,
బడిలో శిక్ష పడ్డ పిల్లలా.
పట్టేస్తుందనిపిస్తే ఊపిరి బిగబట్టను, వదిలేస్తాను.
ఈ ఒక్కటీ నేర్చుకోడానికి ఏడాది పట్టింది.
బుధవారాలు తగ్గాయి.
శనివారాలు ఇంకా వస్తున్నాయి.

మొన్న గున్నమ్మ కేలండరు చూసింది.
"ఈ నల్లసుక్కలేటే?"
"బొద్దింకలు" అన్నాను.
ఆమె ఒక చుక్క మీద వేలు పెట్టి
ముందు రోజు గడి దాకా మెల్లగా జరిపింది.
ఏమీ అనలేదు.

శుక్రవారం ఆమె బుట్ట సగమే ఉంది.
గురువారం చీకటి పడేదాకా కూర్చుని
సగం తనే కొట్టేసి వెళ్ళిందట.

శనివారం పొద్దున్న తుమ్ము రాబోతే
గభాల్న గోడ పట్టుకున్నాను.
తుమ్మే వచ్చింది.